ఎవరు ఆపమన్నా ఆపాలి

ఆ ఇంట్లో మాటలు నోటితో కన్నా చేతులతోనే ఎక్కువ నడుస్తాయని పెళ్ళికి ముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు భోజనాల బల్ల దగ్గర మామగారు చూపుడువేలు కిందికి పెట్టి గాల్లో చిన్న సున్నా చుట్టారు. వెంటనే బావగారు జగ్గు వంచి ఆయన గ్లాసులో నీళ్ళు పోశాడు. గ్లాసు నిండుతుండగా మామగారు అరచెయ్యి బోర్లా పెట్టి అడ్డంగా ఊపారు. ధార ఠక్కున ఆగింది. ఎవరూ పెదవి విప్పలేదు. మూగనోము పట్టిన కొంపలో పడ్డానేమిటి అనుకుని కొత్త కోడలు పక్కనున్న మొగుడి కాలు తొక్కింది. అతను హాయిగా తొక్కించుకున్నాడు తప్ప విషయం చెప్పలేదు.

అది క్రేన్ల కుటుంబం. ఊరి చివర సొంత యార్డు, అందులో రెండు క్రేన్లు. ఒకటి పెద్దకొడుకు నడుపుతాడు, రెండోది చిన్నకొడుకు, అంటే ఆమె మొగుడు. మామగారు క్రేను ఎక్కిన మనిషి కాదు, కింద నిలబడి సైగలు చేసిన మనిషి. పైన అద్దాల గదిలో కూర్చున్నవాడికి ఇంజను హోరులో మాట వినపడదు, గోడ అవతల దిగే బరువు కనపడదు. కిందివాడి చేతులే వాడికి కళ్ళూ చెవులూ. జన్మంతా అలా మాట్లాడిన చేతులు ఇంటికొచ్చినా ఊరుకునేవి కావు. కొడుకులకు మాటలకన్నా ముందు సైగలు వచ్చాయని చెప్పుకుంటారు.

ఆ సైగలు ఆమె నేర్చుకోవడానికి కారణం ఒక తప్పు. యార్డు ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనికి కుదిరిన కొత్తలో, ఒకరోజు కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ బయటికొచ్చి, పైన అద్దాల గదిలో మొగుణ్ణి చూసింది. అంత ఎత్తున, అంత గంభీరంగా, అంత ముద్దుగా కూర్చున్నాడు. ఉండబట్టలేక చెయ్యెత్తి అటూ ఇటూ ఊపింది. అంతే, గాల్లో వెళ్తున్న ఇనుప దూలం బిగుసుకుపోయినట్టు ఆగిపోయింది. యార్డంతా ఆగిపోయింది. పనివాళ్ళందరూ దూలాన్ని వదిలేసి ఆమెను చూశారు.

భూమి చీలితే అందులోకి దూరిపోదును అనుకుంటుండగా మామగారు ఆయాసపడుతూ వచ్చారు.

"మొగుడికి టాటా చెప్పావా?" అన్నారు.

"అవును మావయ్యా. తప్పయిపోయింది."

"నీది తప్పు. వాడిది ఒప్పు. పైనున్నవాడికి అటూ ఇటూ ఊగిన చెయ్యి ఏదైనా ఆపమన్నట్టే. నువ్వెవరివో, ఎందుకు ఊపావో వాడికి అనవసరం. పైకెత్తమని, కిందికి దించమని చెప్పడానికి ఒక్కడికే అధికారం, సైగల మనిషికి. ఆపమని చెప్పడానికి మాత్రం ఎవరికైనా ఉంది. ఊడ్చేవాడికి, దారినపోయేవాడికి, నీకు. ఎవరు ఆపమన్నా ఆపాలి. ఎందుకని అడగడం తర్వాత."

ఆ సాయంత్రం నుంచి ఆయనే పాఠాలు చెప్పారు. చూపుడువేలు పైకెత్తి సున్నా చుడితే ఎత్తు. కిందికి పెట్టి చుడితే దించు. ఒక అరచెయ్యి కదలకుండా అడ్డంపెట్టి, దాని కింద రెండో చేత్తో సైగ చేస్తే నెమ్మదిగా. ఒక అరచెయ్యి బోర్లా పెట్టి అడ్డంగా ఊపితే ఆపు. రెండు అరచేతులూ ఒకేసారి అలా ఊపితే ప్రమాదం, ఉన్నపళంగా ఆపు. ఆమె కాఫీ పోస్తూ నేర్చుకుంది, కర్టెన్లు వేస్తూ నేర్చుకుంది. రాత్రి గదిలో మొగుడి మీద ప్రయోగించి, 'నెమ్మదిగా దించు' అన్నది దుప్పటికి కూడా పనికొస్తుందని కనిపెట్టి పడీపడీ నవ్వింది. గదిలో నువ్వు, గది బయట మీరు అని ఇద్దరూ ఒప్పందం చేసుకున్న రోజులవి.

మామగారి ఆయాసం మాత్రం దిగేది కాదు. రాళ్ళదుమ్ము, సిమెంటుదుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు అట్టకట్టాయి. ఇది తగ్గే జబ్బు కాదని ఆయన్ని చూసే డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. అప్పుడు కొడుకులిద్దరూ, కొత్త కోడలూ ఆయన వెనకే నిలబడి ఉన్నారు.

"అయితే ఒకమాట రాసుకోండి డాక్టరమ్మా," అన్నారు మామగారు. "నా గొంతులో గొట్టం వెయ్యొద్దు. మెషీను మీద నన్ను వేలాడదియ్యొద్దు. ఆయాసం తెలియకుండా మందివ్వండి. అంతే."

"ఇంట్లోవాళ్ళకి చెప్పారా?"

"వీళ్ళే ఇంట్లోవాళ్ళు. చెవులున్నాయి, విన్నారు."

డాక్టరమ్మ ఫైలు మొదటి పేజీలో రాసింది. ఆయన సంతకం చేశారు, కొడుకులిద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు కారాపించి అందరికీ ఐస్‌క్రీములు కొనిపెట్టి, తనది కరిగి మోచేతిదాకా కారుతుంటే, 'నెమ్మదిగా దించు' అని దానికే సైగ చేశారు.

ఒకరోజు పొద్దున ఆయాసం ఎగదన్నింది. ఆమె అప్పటికే యార్డుకు వెళ్ళిపోయింది. అన్నదమ్ములిద్దరూ కంగారుపడి డాక్టరమ్మకు ఫోను కూడా చెయ్యకుండా దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. గొట్టం వెయ్యకపోతే ఇప్పుడే పోతాడన్నారు అక్కడివాళ్ళు. బావగారు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాడు. ఫైలు కారులోనే ఉండిపోయింది. ఆమె వెళ్ళేసరికి గొట్టం లోపలుంది, మామగారు తలుపు అవతల ఉన్నారు.

ఒక్కొక్కరినే, అదీ కాసేపే, లోపలికి పంపుతున్నారు. ఆమె వంతు మర్నాడు పొద్దునగానీ రాలేదు.

లోపల నోట్లో గొట్టం, దాన్ని పట్టి ఉంచే తెల్లటి పట్టీ, పక్కన బుసకొడుతున్న మెషీను. అవి చూసి బెదరకూడదని ముందే అనుకుంది, బెదరలేదు. కానీ ఆయన చేతులు చూసింది. రెండు మణికట్లకూ గుడ్డపట్టీలు చుట్టి మంచం కమ్ములకు కట్టేశారు. ఆ చేతులు. యార్డంతటినీ ఆడించిన చేతులు.

"ఎందుకు కట్టారు?" అంది సిస్టర్‌తో.

"గొట్టం పీక్కుంటారని. అందరికీ కడతాం."

"ఈయన పీక్కున్నారా?"

"లేదు. కానీ చెయ్యి ఒకటే కదుపుతున్నారు. ఆందోళన ఎక్కువగా ఉంది. మత్తు కొంచెం పెంచమన్నారు."

మామగారు కళ్ళు తెరిచే ఉన్నారు. ఆమెను చూశారు. కట్టు వదిలినంతమేర, అంటే అంగుళమో రెండంగుళాలో, అరచెయ్యి బోర్లా పెట్టి అడ్డంగా కదిపారు. అటు. ఇటు. మళ్ళీ అటు.

ఆపు.

"సిస్టర్, ఇది ఆందోళన కాదు. ఆయన మాట్లాడుతున్నారు."

"అమ్మా, టైమయిపోయింది."

"మావయ్యా, చూశాను. నాకు అర్థమైంది," అని ఆయన చెవి దగ్గర చెప్పింది. ఆయన కళ్ళు మూసి తెరిచారు. చెయ్యి ఆగింది. నిన్నటినుంచి ఒకే మాట చెప్పి చెప్పి, ఒకరు విన్నాక గానీ ఆ చెయ్యి ఆగలేదు.

బయటికొచ్చేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలో బావగారు, తోడికోడలు, మొగుడు వరసగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు.

"బావగారూ, మావయ్య చేతులు కట్టేశారు."

"తెలుసమ్మా. పీక్కుంటాడని."

"ఆయన ఆపమంటున్నారు."

"మత్తులో ఉన్నాడు. మత్తులో చెయ్యి కదిలితే అది సైగవుతుందా?"

"మీరు లోపలికెళ్ళి చూశారా?"

బావగారు గోడకేసి చూశాడు. వెళ్ళలేదు. వంతు వచ్చినప్పుడల్లా, నాన్నను అలా చూడలేనని తమ్ముణ్ణి పంపాడట. ఆమె మొగుడివైపు తిరిగింది.

"మీరు వెళ్ళారు కదా. చెయ్యి చూశారా?"

అతను కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"నిన్నే. చూశావా?"

గది బయట నువ్వు అనడం అదే మొదటిసారి. తోడికోడలు ఉలిక్కిపడింది.

"చూశాను," అన్నాడు.

"సైగని తెలిసిందా?"

"తెలిసింది."

"మరి?"

"అన్నయ్య సంతకం పెట్టేశాడు. ఇప్పుడు నేనేమంటాను?"

పెళ్ళయినప్పటినుంచి ఆ మొహంలో ఆమెకు నచ్చనిది ఏదీ లేదు. ఇవాళ ఆ మొహాన్ని చూస్తే చెయ్యి దురద పెట్టింది. నేను ఊరికే టాటా చెబితే అంత బరువును గాల్లో ఆపేశాడు, కన్నతండ్రి బతిమాలుకుంటుంటే కుర్చీలో కూర్చున్నాడు, అనుకుంది.

"అమ్మాయ్, నువ్వు కొత్తగా వచ్చావు," అంది తోడికోడలు మెల్లగా. "నీకేం తెలుసు చెప్పు. కన్నకొడుక్కి ఉండదా బాధ?"

"కొత్తగా నేర్చుకున్నాను అక్కా. అందుకే ఇంకా మర్చిపోలేదు."

బావగారు లేచాడు. "నాన్న ఇంకో మాట కూడా నేర్పాడు. నీకు చెప్పాడో లేదో. బరువు గాల్లో ఉండగా డ్రైవరు సీటు దిగకూడదు. ఆకలేసినా, వానొచ్చినా, పక్కన పిడుగు పడినా సరే. నాన్న గాల్లో ఉన్నాడమ్మా. నన్ను దిగిపొమ్మంటావా?"

అదీ మామగారి మాటే కావడంతో ఆమెకు కోపం ఇంకా పెరిగింది. మంచినీళ్ళ కోసం వరండా చివరికి వెళ్ళింది. నీళ్ళ మెషీను వెనక గోడకు అద్దాల పటం ఉంది. మెషీను అడ్డంగా ఉండటంతో పైభాగమే కనిపిస్తోంది. రోగి హక్కులు అని పెద్దక్షరాలు. దాని కింద మొదటి వాక్యం. మీ చికిత్స గురించి తెలుసుకునే హక్కు, అంగీకరించే హక్కు, వద్దనే హక్కు మీదే. మిగతాదంతా నీళ్ళ మెషీను మింగేసింది. బంగారు రంగు చట్రం, చుట్టూ తీగల డిజైను. పెళ్ళి ఫోటోకి కూడా అంత ఖరీదైన చట్రం కట్టించుకోలేదు తను. కట్టించడానికి ఉన్న శ్రద్ధ చదవడానికి ఒక్కడికీ లేదు.

ఆమె తిరిగొచ్చేసరికి పెద్ద డాక్టరు వచ్చి ఉన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. సహాయకుడి చేతిలో కాగితం, కాగితం మీద పెన్ను.

"గొట్టం ఎక్కువరోజులు నోట్లో ఉంచలేం," అంటున్నాడు బావగారితో. "రేపు మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కణ్ణించి పెడతాం. సౌకర్యంగా ఉంటుంది."

"ఎవరికండీ?" అందామె.

డాక్టరు ఆమెను అప్పుడే చూశాడు. "మీరు?"

"చిన్నకోడల్ని. ఎవరికి సౌకర్యం?"

"పేషెంటుకే అమ్మా."

"ఆయన్ని అడిగారా?"

"చూడమ్మా, ఆ స్థితిలో ఉన్నవాళ్ళని ఏమడుగుతాం. ఇంటి పెద్దగా పెద్దబ్బాయి నిర్ణయం తీసుకుంటారు."

"మెడ ఎవరిదండీ?"

సహాయకుడు నేలచూపులు చూశాడు.

"ఆయన కళ్ళు తెరిచే ఉన్నారు. నేను మాట్లాడితే విన్నారు, జవాబు చెప్పారు. మీరు మాట్లాడారా? పోనీ చేతులైనా విప్పి చూశారా? గొట్టం వద్దని ఆయన డాక్టరుకి ఎప్పుడో రాయించారు. ఆ ఫైలు కింద మా కారులో ఉంది, వీళ్ళిద్దరి సాక్షి సంతకాలతో సహా. నోట్లో గొట్టం కుక్కి, చేతులు కమ్ములకి కట్టి, ఆయనేమీ చెప్పట్లేదు కాబట్టి కొడుకుని అడుగుతున్నామంటారా? ఎలా చెప్తారండీ, కాళ్ళతోనా?"

"అమ్మా, ఇది ఆస్పత్రి. మెల్లగా మాట్లాడాలి."

"నేను మెల్లగానే మాట్లాడుతున్నాను. మీకు వినిపించడం ఇప్పుడే మొదలైంది."

డాక్టరు ఇక ఆమెతో మాట్లాడలేదు. కాగితం బావగారి ముందుకు జరిపించాడు. "మీరు చెప్పండి. ఆలస్యమైతే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. తర్వాత నన్ను అనకూడదు."

బావగారు పెన్ను తీసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు, కాగితం సరిగ్గా కనపడుతున్నట్టు కూడా లేదు. ఈ మనిషితో వాదించి లాభం లేదని ఆమెకు అర్థమైంది. మాటలన్నీ అయిపోయాయి. అప్పుడు మామగారి చెయ్యి గుర్తొచ్చింది.

వెళ్ళి బావగారికి ఎదురుగా నిలబడింది. అరచెయ్యి బోర్లా పెట్టి, చెయ్యి బారుగా చాపి, అడ్డంగా ఊపింది. యార్డులో ఊపినట్టు, భుజం దగ్గర్నుంచి.

పెన్ను గాల్లో ఆగిపోయింది.

ఆగాకగానీ తాను ఆపానని బావగారికి తెలియలేదు. చిన్నప్పటినుంచి ఆగిన చెయ్యి అది. మనసు ఇంకా ఆలోచిస్తుండగానే చెయ్యి ఆగిపోయింది. అతను పెన్నును చూసుకుని, ఆమెను చూశాడు. అప్పుడే ఆమె పక్కకు ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. మొగుడు. తనూ చెయ్యి చాపి ఊపాడు.

"ఏమిటిది?" అన్నాడు డాక్టరు.

"ఎవరు ఆపమన్నా ఆపాలి," అన్నాడు బావగారు, పరధ్యానంగా, పాఠం అప్పజెప్పినట్టు. "ఎందుకని అడగడం తర్వాత." పెన్ను కాగితం మీద పెట్టేసి మొహం తుడుచుకున్నాడు. "అడుగుదాం డాక్టరుగారూ. నాన్ననే అడుగుదాం. ముందు చేతులు విప్పండి."

ఆమె డాక్టరమ్మకు ఫోను చేసింది. మొగుడు కారు దగ్గరికి పరిగెత్తి ఫైలు తెచ్చాడు. మధ్యాహ్నానికి డాక్టరమ్మ వచ్చి పెద్ద డాక్టరుతో గదిలో మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు కానీ బయటికొచ్చేటప్పుడు ఆయన నిమ్మళం కాస్త తగ్గింది. మత్తు తగ్గించారు. ఈసారి ఒక్కొక్కరే అన్న నియమం ఎవరూ ఎత్తలేదు. అన్నదమ్ములూ కోడళ్ళూ అందరూ మంచం చుట్టూ చేరారు.

సిస్టరే పట్టీలు విప్పింది. మణికట్ల చుట్టూ ఎర్రటి చారలు. మామగారు గొట్టం జోలికి పోలేదు. ముందు వేళ్ళు ముడిచి చాపి చూసుకున్నారు, చాలాసేపు మూసి ఉంచిన నోటిని ఆడించి చూసుకున్నట్టు.

"ఆయన సైగలు మీలో ఎవరికి బాగా తెలుసు?" అంది డాక్టరమ్మ.

మామగారు వేలెత్తి పెద్దకొడుకును చూపించారు. ఆమెకు చివుక్కుమంది. మరుక్షణమే, అదే సరైనదని తోచింది.

"ముందు మీరు తెలివిలో ఉన్నారో లేదో చూడాలి," అంది డాక్టరమ్మ ఆయనతో. "ఇది మీ యార్డేనా?"

మామగారు చుట్టూ నిలబడ్డవాళ్ళను ఒకసారి చూసి చెయ్యి విదిలించారు. బావగారి మొహంలో నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "యార్డయితే ఇంతమంది ఊరికే నిలబడతారా, పోయి పని చూసుకోండి అంటున్నాడు."

పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"గొట్టం ఉంచమంటారా?"

అరచెయ్యి అడ్డంగా కదిలింది.

"ఆపమంటున్నాడు," అన్నాడు బావగారు.

"తీసేస్తే ఊపిరి చాలకపోవచ్చు. ప్రాణం పోవచ్చు. తెలుసా?"

మామగారు కళ్ళు మూసి తెరిచారు. పిడికిలి కట్టి బొటనవేలు ఎత్తారు.

"తెలుసంటున్నాడు."

"మెడ దగ్గర రంధ్రం?"

రెండు అరచేతులూ పైకి లేచి ఊగాయి. బావగారు మంచం కమ్మి పట్టుకున్నాడు. డాక్టరమ్మ తొందరపెట్టలేదు.

"ఉన్నపళంగా ఆపమంటున్నాడు," అన్నాడు చివరికి. మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "మరి గాల్లో బరువు వదిలేసి దిగిపోకూడదని నువ్వే కదా నాన్నా చెప్పావు."

మామగారు కొడుకువైపు కళ్ళు తిప్పారు. ఎడమ అరచెయ్యి గుండెల మీదుగా చాపి కదలకుండా పెట్టారు. దాని కింద కుడిచేతి చూపుడువేలు కిందికి తిరిగి సున్నా చుట్టింది. మళ్ళీ చుట్టింది. మొదటిరోజు జగ్గు ముందు చుట్టిన సున్నాయే.

ఈసారి బావగారు తడుముకోలేదు. "దించమంటున్నాడు. నెమ్మదిగా," అన్నాడు. "వదిలెయ్యమనట్లేదు."

డాక్టరమ్మ తలూపింది. "ఆయాసం తెలియకుండా ముందే మందిస్తాను. దగ్గరుండే దించుదాం."

కొత్త కోడలు అప్పుడు ఏడ్చింది. బాధతో కాదు, మంటతో. ఇంతేనా? నాలుగు ప్రశ్నలు. పట్టీలు విప్పడానికి పట్టిన సమయం కూడా పట్టలేదు అడగడానికి. ఆ నాలుగు ప్రశ్నలు అడగకుండా ఉండటానికి ఇంత పెద్ద భవనం, ఇన్ని మెషీన్లు, ఇన్ని సంతకాలు, బంగారు చట్రంలో పటం. మొగుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "తీసెయ్," అంది. తీసేశాడు. కాసేపయ్యాక తనే ఆ చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. క్షమించలేదు, ఊరికే పట్టుకుంది. ఇంటికెళ్ళాక ఆ సంగతి వేరే తేల్చుకోవాలి.

గొట్టం తీసేశాక ఆయన్ని కిటికీ ఉన్న గదికి మార్చారు. మందు పనిచేసింది, రొమ్ము ఎగరడం తగ్గింది. గొంతు పెగలలేదు, ఆయనకు దానితో పనీ లేదు. పెదాలు తడిపే స్పంజిని ఆమె నీళ్ళలో కాకుండా కాఫీలో ముంచింది. ఆయన కనుబొమలు రెండూ ఎగిరాయి. పొద్దుటినుంచి ఆమెకు కలిగిన మొదటి సంతోషం అదే.

బావగారు తండ్రి కుడిచెయ్యిని తన రెండు చేతుల్లో బిగించి పట్టుకుని కూర్చున్నాడు. లోపల వేళ్ళు కదులుతున్నాయి.

"బావగారూ, చెయ్యి వదలండి," అందామె. "మాట్లాడుతున్నారు."

అతను గబుక్కున వదిలాడు. మామగారి చూపుడువేలు పైకి లేచి సున్నా చుట్టింది. కిటికీలోంచి రోడ్డవతల కడుతున్న భవనం కొన కనపడుతోంది, దాని మీద ఎవరిదో క్రేను. పడుకుంటే సగమే కనిపిస్తోంది.

బావగారు మంచం కాళ్ళ దగ్గరికి వెళ్ళి, తలవైపు ఎత్తే పిడి పట్టుకుని తిప్పసాగాడు. చూపు పిడి మీద లేదు, మంచం మీద లేదు, తండ్రి చేతి మీదే ఉంది. తలవైపు మెల్లగా లేచింది. క్రేను పూర్తిగా కనిపించే చోటికి వచ్చాక మామగారి అరచెయ్యి బోర్లా తిరిగి, దుప్పటి మీద కొంచెమే, అడ్డంగా కదిలింది.

బావగారు ఆపేశాడు.